రెండో సిలిండరు

తిప్పయ్యకు కోపం రావడానికి కారణం అక్కరలేదు. ముందు కోపం వస్తుంది, తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కుంటాడు. బెళుగుప్పలో ఇది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఆయన తిట్లను ఎవరూ మనసులో పెట్టుకునేవాళ్లు కాదు. కానీ రెండు వేల ఏడు నవంబరులో ఒక శనివారం పొద్దున, బస్టాండు పక్కన టీ అంగడి ముందర, నలభై మంది వింటూ ఉండగా ఆయన యేసన్నను దొంగ అన్నాడు. ఆ మాటను మాత్రం ఊరు దులిపేసుకోలేకపోయింది.

ఈ ఇద్దరి సంగతీ కొంచెం చెప్పాలి. ఆ చుట్టుపక్కల బావుల్లో నీళ్లున్న కాలంలో తిప్పయ్య ఆయిలింజన్ల మేస్త్రి. డీజిలు పోస్తే డబడబా కొట్టుకుంటూ బావిలో నీళ్లు తోడిపోసే ఇనప ఇంజన్లవి. ఏ పల్లెలో ఇంజను మొరాయించినా తిప్పయ్యకు కబురొచ్చేది. సైకిలు మీద పోయేవాడు. రైతును తిట్టేవాడు, ఇంజనును తిట్టేవాడు, దాన్ని తయారుచేసినవాణ్ణి తిట్టేవాడు. ఎండ నడినెత్తికి వచ్చేలోపల మడిలో నీళ్లు పారించేవాడు. సైకిలు వెనక సామాన్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది యేసన్న. తిప్పయ్యకంటే రెండేళ్లు చిన్న. చర్చి వీధిలో ఇల్లు. తిప్పయ్య పది మాటలంటే తొమ్మిది మింగి, పదో మాటకు నవ్వే మనిషి.

ఒకసారి నట్టు ఊడి రావడం లేదని తిప్పయ్య చేతిలో ఉన్న పానా తీసి బావిలోకి విసిరేశాడు. ఆ సైజు పానా ఇంకొకటి లేదు. యేసన్న చొక్కా విప్పి బావిలోకి దిగాడు, నాలుగు మునకలేశాడు, పానా తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టాడు.

"ఈసారి ఇసిరేటప్పుడు ఆ నట్టు గూడా ఇసిరేయన్నా, రెండూ ఒగేసారి తెస్తా" అన్నాడు.

తిప్పయ్య నవ్వలేదు. కానీ ఆ రోజు రైతును తిట్టకుండా ఇంటికొచ్చాడు.

తర్వాత బావులెండాయి. బోర్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, కొన్నాళ్లకు ఆ బోర్లూ ఎండాయి. తన చేతుల మీద బతికిన ఇంజన్లన్నీ పాత ఇనుము కింద తూకానికి పోతుంటే తిప్పయ్య చూడలేక, ఇనుము కొనేవాడితో కూడా పోట్లాట పెట్టుకున్నాడు. చివరికి ఉన్న చేను అమ్మేసి, అనంతపురంలో ఒక డాక్టరు వాడి వదిలేసిన పెట్రోలు కారు కొన్నాడు, బాడుగలకు తిప్పుదామని. తిప్పయ్యకు తోలడం వచ్చు గాని లైసెన్సు లేదు. యేసన్నకు ఉంది. అట్లా నాలుగేళ్లుగా యేసన్న కారు తోలుతున్నాడు, తిప్పయ్య పక్క సీట్లో కూర్చుని రోడ్డును తిడుతున్నాడు.

ఆ కారు దసరా అయిన పది రోజులకు తడబడడం మొదలుపెట్టింది. నిలబెట్టి ఉంచితే ఒళ్లంతా వణికేది. మిట్ట ఎక్కేటప్పుడు మనుషులు నిండా ఉంటే ఎక్కిళ్లు పెట్టేది. స్టీరింగు వెనక ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం మినుకు మినుకుమనేది. మిస్సింగ్ కొడుతోందని ఇద్దరికీ తెలుసు. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి సరిగా మండడం లేదు. యేసన్న రెండుసార్లు బానెట్టు తీసి, నిప్పు రాజేసే ప్లగ్గులు చూస్తానన్నాడు. "మేస్త్రి నువ్వా నేనా?" అన్నాడు తిప్పయ్య. కళ్యాణదుర్గంలో ఒక మెకానికుకు చూపిస్తే అతను బానెట్టు కూడా ఎత్తకుండా, "పెట్రోల్లో ఏందో కలిసినట్టుండాదప్పా" అని ఇంకో బండి కిందకు దూరిపోయాడు. ఆ ఒక్క మాట తిప్పయ్య బుర్రలో పడి నానింది.

శుక్రవారం బత్తలపల్లెలో పెళ్లికి ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని పోతుంటే కారు సగం దారిలో మిట్ట ఎక్కలేక నిలబడిపోయింది. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు ఎండలో దిగి, తిప్పయ్య ముఖం కూడా చూడకుండా బస్సెక్కి వెళ్లిపోయారు. అది ఆయనకు చెప్పుదెబ్బే అయింది. ఇంటికి వచ్చేదాకా నోరు తెరవలేదు. శనివారం పొద్దున టీ అంగడి దగ్గర తెరిచాడు.

"బండి నీ చేతిలోనే ఉండాది. పెట్రోలు పట్టించేది నువ్వే. దాన్ని పీకి అమ్ముకోని, కిరసనాయిలు పోస్తాండావు. ఇన్నేండ్లు నమ్మించినావు గదరా, దొంగ నా కొడకా."

యేసన్న చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టాడు. అంగడిలో ఎవరి గ్లాసూ పైకి లేవలేదు.

"కిరసనాయిలు కాదన్నా. నాకు యాడ అనుమానముండాదో చెప్తా, ఇను. బానెట్టు తీసి..."

"ముట్టద్దు. ఇంగొకసారి నా బండి ముట్టినావంటే చెయ్యి ఇరుస్తా."

యేసన్న జేబులోంచి కారు తాళం తీసి గ్లాసు పక్కన పెట్టాడు.

"తాడిపత్రిలో బండల లారీకి డ్రైవరు కావాలని ఏడాదినుంచి పిలుస్తాండారు. నిన్ను ఇడిచి పోలేక పోలేదు. సోమారం పొద్దున బస్సుకు పోతా" అన్నాడు. గొంతు పెంచలేదు. అట్లా గొంతు పెంచకపోవడమే తిప్పయ్యకు ఇంకా మండించింది. తప్పు చేయనివాడు ఎదురు తిరగాలి గదా, వీడెందుకు తిరగడు అని రుజువు కింద దాన్నే పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి సంగతి ఆయనకంటే ముందే వచ్చి కూర్చుంది. భార్య సుంకమ్మ సంగటి గిన్నె ముందర పెట్టింది గాని, పెట్టిన తీరులోనే తిట్టింది.

"మీ నాయన సచ్చిపోయిన పొద్దు నువ్వు డాక్టర్ను తిట్టుకుంటా కూచుంటే, గుంత తవ్వింది ఎవరు? ఆయప్ప దొంగనా?"

"రుజువు చూపిస్తా."

"ఎవరికి?"

"ఊరికి. సోమారం వాడు బస్సెక్కేలోపల అందరి ముందర పెడతా. అబ్బుడు మాట్లాడు నువ్వు."

"రుజువు లేకపోతే?"

తిప్పయ్య సంగటి ముద్ద మింగాడు. గొంతులో అడ్డం పడింది. నీళ్లిచ్చే దిక్కు లేక తనే లేచి ముంచుకున్నాడు.

ఆదివారం పొద్దున చర్చి గంట కొడుతుండగా కారు బానెట్టు ఎత్తాడు. ఆ గంట మీద కూడా కోపం వచ్చింది. ట్యాంకులోంచి సన్నటి గొట్టంతో గాజు సీసాలోకి పెట్రోలు తీశాడు. నోట్సు పుస్తకంలోంచి తెల్లకాగితం చించి, నాలుగు చుక్కలు దాని మీద వేశాడు. మంచి పెట్రోలైతే గాలికి ఎగిరిపోతుంది, మరక మిగలదు. కిరసనాయిలు కలిస్తే నూనె మరక నిలబడుతుంది. కాగితాన్ని ఎండలో పట్టుకుని ఆ మరక కోసం ఎదురు చూశాడు. చుక్కలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. కాగితం ఎప్పటి కాగితమే.

ఇంకో కాగితం చించాడు. ఇంకోటి చించాడు. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, వేలితో రుద్దాడు, సూర్యుడికి అడ్డం పెట్టి చూశాడు. నిజం చెప్పాలంటే ఆ కాగితం శుభ్రంగా ఉండడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. కాగితాన్ని ఉండచుట్టి గోడ మీదకు విసిరాడు.

"మరక పడిందా?" అని వంటింట్లోంచి సుంకమ్మ అడిగింది.

"నీ పని చూసుకో."

మొన్న కల్తీ పెట్రోలు అయిపోయి, ఇప్పుడు మంచిది ఉందేమో అనుకున్నాడు. అట్లా అయితే మిస్సింగ్ పోవాలి. స్టార్ట్ చేశాడు. కారు వణికింది. పసుపు దీపం మినుకుమంది. మంచి పెట్రోలు మీద కూడా వణుకుతోంది. తిప్పయ్య ఇంజను ముందర నిలబడి చెవి పెట్టాడు. ఆయిలింజను ఒంటి గుండెది, దాని జబ్బు ఎంత దూరంనుంచైనా చెప్పేవాడు. ఈ నాలుగు గుండెల యంత్రంలో ఏది తప్పుతోందో చెవికి అందలేదు.

ఏది తప్పుతోందో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఇంజను నడుస్తుండగా, ఒక్కో సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు క్లిప్పు పీకాలి. మండుతున్న సిలిండరైతే ఇంజను ఇంకా కుంటుతుంది. మండని సిలిండరైతే పీకినా పెట్టినా ఒకటే. ప్లగ్గు తీగ మాత్రం నడుస్తుండగా పీకకూడదు, షాకు కొడుతుంది, తీగకు కరెంటు పంపే కాయిలు కాలుతుంది. ఇదంతా తిప్పయ్యకు నేర్పింది యేసన్నే. అది గుర్తొచ్చి పళ్లు కొరికాడు.

ఒకటో క్లిప్పు పీకాడు. ఇంజను ఆగిపోయేంత పని చేసింది. మళ్లీ పెట్టాడు. మూడోది పీకాడు, అదీ అంతే. నాలుగోది పీకాడు, అదీ అంతే. రెండోది పీకాడు. ఏ మార్పూ లేదు. అదే వణుకు, అదే చప్పుడు.

రెండో సిలిండరు ఒక్కటే. మిగతా మూడూ బంగారం మాదిరి మండుతున్నాయి.

ట్యాంకులో కిరసనాయిలు పోస్తే నాలుగు నోళ్లలోనూ పడాలి. ఒక్క రెండోదాని నోట్లోనే ఎట్లా పడుతుంది? ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లు ఇంజన్ల మీద బతికిన మేస్త్రికి శనివారం పొద్దున తెలియలేదు. తెలుసుకోవాలని అనుకోలేదు, అంతే. అప్పటికీ ఒప్పుకోలేదు. "ప్లగ్గు మార్చేసింటాడు. మంచిది పీకి పాతది పెట్టింటాడు" అని పైకే అన్నాడు, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

ఇంజను ఆపాడు. చల్లారేదాకా అరుగు మీద కూర్చుని ఇంకో గంట కోపాన్ని కాపాడుకున్నాడు.

ఆ కారులో ప్లగ్గులు ఇంజను పక్కన ఉండవు. ఇంజను తలమీదే నాలుగు లోతైన గుంతలున్నాయి. ఒక్కో గుంత అడుగున ఒక్కో ప్లగ్గు. పైనుంచి తీగ కొసనున్న జానెడు పొడుగు రబ్బరు తొడుగు దిగి ప్లగ్గు మూతిని పట్టుకుని ఉంటుంది. తిప్పయ్య రెండో తొడుగు పట్టుకుని లాగాడు. రాలేదు. తిప్పుతూ గట్టిగా లాగితే పాకం పట్టిన గిన్నెలోంచి గరిటె వచ్చినట్టు సాగుతూ వచ్చింది. దానికి అతుక్కుని గుంతలోంచి చచ్చిన చీమలు పైకొచ్చాయి.

టార్చి వేసి చూశాడు. గుంత అడుగున గోధుమరంగు జిగురు. దాని అంచున ఎర్రగా కుంకుమ గీత. జిగురులో చిన్న టెంకాయ ముక్క, గోరంత, మాడి నల్లబడి అతుక్కుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే వాసన తెలిసింది. ప్లగ్గు ఊడదీశాడు. దాని తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందకు పెన్సిలుతో గీసినట్టు ఒక నల్లటి చార. ప్లగ్గు కొసన ఎగరాల్సిన నిప్పురవ్వ ఆ చార వెంట పక్కకు జారి ఇనుములో కలిసిపోతోంది. సిలిండరు లోపల పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది.

ఆయిలింజన్ల కాలంనుంచి తిప్పయ్యది ఒక పద్ధతి. ఆయుధపూజ రోజు అందరూ బండి చక్రం ముందర టెంకాయ కొడతారు. ఆయన అట్లా కొట్టడు. ఇంజను నెత్తి మీదే కొడతాడు. పనిచేసేది ఇంజను, చక్రానికెందుకు టెంకాయ అంటాడు. ఆయిలింజనుకు ప్లగ్గు లేదు, నెత్తిన గుంతలు లేవు. నీళ్లు ఇనుము మీద పడి జారిపోయేవి. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. పోయిన మూడేళ్లూ ఈ కారుకు కూడా అట్లాగే కొట్టాడు, నీళ్లు ఎటో పోయి బతికిపోయాడు. ఈసారి బానెట్టు ఎత్తి, విభూతి రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, రెండు చిప్పల నీళ్లూ రెండో గుంత దగ్గరే వంచాడు.

ఆ రోజు యేసన్న పొద్దున్నే వచ్చి, కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్లో ఒక్క బకెట్టు నీళ్లతో కారంతా తళతళలాడేట్టు తుడిచాడు. కర్పూరం వెలిగించేటప్పుడు ఎప్పటిలాగే నాలుగడుగులు పక్కకు పోయి నిలబడ్డాడు. టెంకాయ ఎత్తేసరికి మాత్రం దగ్గరికొచ్చాడు.

"అన్నా, పైన గుడ్డ ఏమన్నా కప్పు. నీళ్లు ప్లగ్గుల్లోకి దిగుతాయి."

తిప్పయ్య ఏమన్నాడో తిప్పయ్యకు ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. "నీకు మా దేవుడు అక్కరలేకపోతే దూరంగా ఉండు. పూజకు అడ్డం రావద్దు" అన్నాడు. యేసన్న తిరిగి తన చోటికి పోయి నిలబడ్డాడు. పూజ అయ్యాక బొరుగులు, టెంకాయ ముక్క చేతిలో పెడితే కళ్లకద్దుకోకపోయినా మర్యాదగా తిన్నాడు.

తన మీద తనకు కోపమొస్తే ఏం చేయాలో తిప్పయ్యకు అలవాటు లేదు. ఇన్నేళ్లుగా దొరికిన మనిషినల్లా తిట్టి బతికాడు. ఇప్పుడు తిట్టడానికి చుట్టూ చూస్తే ఎవరూ కనపడలేదు. కాసేపు కారును తిట్టాడు. నెత్తిన గుంతలు పెట్టినవాణ్ణి తిట్టాడు. నోరు నొప్పి పుట్టింది గాని కోపం ఒక్క పిసరు తగ్గలేదు. సుంకమ్మ బయటికొచ్చి, చీమలను, రబ్బరు తొడుగును, మొగుడి ముఖాన్ని వరసగా చూసింది.

"ఏమి?"

"టెంకాయ నీళ్లు."

ఆమె అరుగు మీద కూలబడింది. "యేసన్న గుడ్డ కప్పమన్నాడు గదా."

"అన్నాడు."

"నేనూ విన్యా. నేనన్నా కప్పకపోతి" అంది సుంకమ్మ. ఆమె కళ్లలో నీళ్లు చూసి తిప్పయ్యకు మళ్లీ కోపం రాబోయింది. దాన్ని అక్కడే ఆపుకున్నాడు.

మిగతా పనికి దిగాడు. పుల్లకు గుడ్డ చుట్టి, పెట్రోల్లో ముంచి, గుంతలో జిగురంతా తుడిచాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి ఆరబెట్టాడు. రబ్బరు తొడుగు లోపల కూడా అదే నల్లచార ఉంది, అది ఇక పనికిరాదు. డిక్కీలో సామాన్ల సంచి వెతికితే, పోయిన ఏడాది మార్చినప్పుడు తీసిన పాత ప్లగ్గు, పాత తీగ ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టి ఉన్నాయి. ప్లగ్గు మూతి గీకి శుభ్రం చేసి, నూనెగుడ్డలో పెట్టి మరీ దాచాడు యేసన్న. అవి బిగించి స్టార్ట్ చేశాడు. నాలుగు సిలిండర్లూ పలికాయి. వణుకు లేదు. దీపం మినుకుమనడం మానేసింది. రుజువు చూపిస్తానన్న మనిషి చేతిలో రుజువు ఉంది. దాన్ని తీసుకుపోవాల్సిన ఇల్లు మూడు వీధుల అవతలే. ఆదివారమంతా మూడుసార్లు చెప్పులేసుకుని, మూడుసార్లు విప్పాడు. పోలేకపోయాడు.

సోమవారం పొద్దున లైసెన్సు లేకపోయినా తనే కారు తోలుకుని బస్టాండుకు పోయాడు. టీ అంగడి ముందర ఇంజను ఆపకుండా దిగాడు. యేసన్న రేకు పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. అంగడిలో గ్లాసులన్నీ మళ్లీ ఆగిపోయాయి.

"ఇనండప్పా అందరూ" అని తిప్పయ్య గట్టిగా అరిచాడు. వాళ్లందర్నీ తిడుతున్నట్టే ఉంది గొంతు. "శనివారం ఈన్ని దొంగ అంటి. దొంగ కాదు. పెట్రోలు మంచిదే. ఆయుధపూజ పొద్దు టెంకాయ నీళ్లు నేనే ఇంజన్లో పోసినా. పోయద్దని ఈడు చెప్పినాడు. నేనే ఇనలేదు. తప్పు నాది. అందరూ ఇన్యారా?"

ఎవరో టెంకాయ మాటకు కిసుక్కున నవ్వారు. ఇంకో రోజైతే వాళ్ల పని అయిపోయేది. తిప్పయ్య అటు తిరగలేదు.

యేసన్న కారు దగ్గరికొచ్చాడు. బానెట్టు మీద చెయ్యి ఆనించి, తల వంచి కాసేపు విన్నాడు.

"నాలుగూ పలుకుతాండాయి" అన్నాడు.

"పెట్టె డిక్కీలో ఎయ్. ఇంటికి పోదాం పా. సుంకమ్మ ఎదురు చూస్తాండాది."

"నేను రాలేనన్నా."

"చెప్పినా గదరా అందరి ముందర. ఇంగేం చెయ్యాల? కాళ్లు పట్టుకోమంటావా, పట్టుకుంటా."

"వద్దన్నా, అంత మాట వద్దు." యేసన్న బానెట్టు మీదనుంచి చెయ్యి తీశాడు. "నువ్వు తిడితే నేనెబ్బుడూ బాధపళ్లేదు. ఇరవై మూడేండ్లు నీ పక్కన ఉంటి. నేను చెప్తే నమ్మలేదు. ప్లగ్గు చెప్తే నమ్మినావు."

బస్సొచ్చింది. యేసన్న పెట్టె ఎత్తుకుని ఎక్కాడు. కిటికీ దగ్గర సీటు దొరికింది, అయినా ఇటు చూడలేదు. తిప్పయ్య బస్సు కదిలి, దాని దుమ్ము రోడ్డు మీద అణిగిపోయేదాకా నిలబడే ఉన్నాడు.

మూటాముల్లెతో నిలబడి ఉన్న ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, బండి బాగైందంట గదా. ఉరవకొండకు బాడుగ వస్తాదా?"

"డ్రైవరు లేడు."

"యాడికి పోయినాడు?"

"నేనే ఎల్లగొట్టినా" అన్నాడు తిప్పయ్య. ఆ మాటలో కోపం లేకపోవడం చూసి టీ అంగడివాడు లోపలనుంచి తొంగిచూశాడు.